బదరీ మార్గంలో కొండ ఇచ్చిన నోటీసు

కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని మన పెద్దలు అనేవారు. కాశీకే అంత మాట అన్నవారు బదరీనాథ్‌కు ఏమనేవారో ఊహించుకోవలసిందే. మోటారు రోడ్డు లేని రోజుల్లో ఋషీకేశం దాటిన యాత్రికుడు అలకనంద ఒడ్డునే, చట్టీ నుంచి చట్టీకి, వారాల తరబడి నడిచేవాడు. చట్టీ అంటే రాత్రికి తలదాచుకునే చిన్న మజిలీ. 1962 యుద్ధం తర్వాత సరిహద్దు అవసరాల కోసం ఈ కొండల్లో రహదారుల నిర్మాణం ఊపందుకుంది. సైన్యం కోసం వేసిన దారి భక్తులకూ కలిసివచ్చింది. నేడు ఈ సుమారు 300 కిలోమీటర్లు రెండు రోజుల ప్రయాణం మాత్రమే.

2023 అక్టోబరులో మేము, మా శ్రీమతి, డెబ్బై నాలుగేళ్ళ మా పెద్దక్కయ్య, పదవీ విరమణ చేసిన ఇద్దరు మిత్రులు సతీసమేతంగా, ఒక టెంపో ట్రావెలర్‌లో ఋషీకేశం నుంచి బయలుదేరాము. డ్రైవరు గఢ్వాలీ యువకుడు. మాట తక్కువ, హారను అంతకంటే తక్కువ. ఘాట్ రోడ్డు మీద ఇంతకన్నా గొప్ప యోగ్యతాపత్రం అక్కరలేదు.

దేవప్రయాగలో భాగీరథి, అలకనంద కలిసి గంగ అనే పేరు పొందుతాయి. సంగమం దగ్గర రెండు నీళ్ళ రంగులూ స్పష్టంగా వేరుగా కనిపించాయి. భాగీరథి ఆకుపచ్చగా ఉన్నది. పైన టెహ్రీ వద్ద 260 మీటర్ల ఆనకట్ట వెనుక దాని ఒండ్రు చాలావరకు దిగిపోతున్నది. అలకనంద మాత్రం కొండలను అరగదీసిన పొడిని మోసుకుంటూ బూడిదరంగులో వచ్చింది. అక్కయ్య సంకల్పం చెప్పుకుంటూ ఉంటే మేము ఆ పొడి సంగతే ఆలోచించాము. ఇంజనీరును యాత్రకు తీసుకువెళ్ళడంలో ఉన్న ఇబ్బంది ఇదేనని మా శ్రీమతి అభిప్రాయం.

అక్కడి నుంచి రుద్రప్రయాగ దాకా రోడ్డు చాలాచోట్ల వెడల్పు చేశారు. 2016లో మొదలైన చార్‌ధామ్ రహదారి పథకం ఫలితమది. సిరోబగడ్ వంటి పాత జారుడు చోట్లు మాత్రం అలాగే ఉన్నాయి. కొండ రోడ్డు వేయడమంటే వాలు పాదాన్ని కోయడమే. కోసిన వాలు మునుపటికంటే నిటారుగా మిగులుతుంది. గట్టి శిల అయితే నిలుస్తుంది. పలకలు పలకలుగా విడిపోయే రాయి అయితే వాన నీరు పగుళ్ళలో చేరి తోసేస్తుంది. కనుక నీటికి దారి చూపి, గోడ కట్టి, వల బిగించి, ఆ తర్వాతే ముందుకు కోయాలి. అనేక మలుపుల వద్ద మాకు కోతే కనిపించింది గాని, గోడ ఇంకా రాలేదు. సరిహద్దుకు వెడల్పు రోడ్డు అవసరమనడంలో మాకు సందేహం లేదు. ఏది ముందు, ఏది వెనుక అన్నదే మా అభ్యంతరం.

చమోలీ దాటిన తర్వాత కుడివైపు నుంచి బిరహీ గంగ అనే చిన్న నది వచ్చి కలుస్తుంది. ఎవరూ ఆగని చోటు. మేము పట్టుబట్టి ఆపించాము. 1893 సెప్టెంబరులో ఈ లోయ ఎగువన గోహనా గ్రామం వద్ద ఒక కొండభాగం కూలి, దాదాపు 900 అడుగుల ఎత్తున నదికి అడ్డుకట్ట అయింది. వెనుక సరస్సు నిండసాగింది. పుల్‌ఫోర్డ్ అనే ఇంజనీరు నీటి రాకను లెక్కగట్టి, మరుసటి ఆగస్టు నడుమ అది పొర్లుతుందని తేల్చాడు. అంత పెద్ద రాతి గుట్టను తొలగించే ప్రయత్నం చేయలేదు. గోహనా దాకా తంతి తీగ లాగారు. వరద ఎంత ఎత్తుకు రావచ్చో లోయ పొడుగునా కొండవాలుల మీద గుర్తులు కట్టి, ప్రజలను వాటికి పైకి తరలించారు. 1894 ఆగస్టు 25న నీరు పొర్లింది. ఆ రాత్రి కట్ట తెగింది. గఢ్వాల్ శ్రీనగరం ఊరు ఊరంతా కొట్టుకుపోయింది. ప్రాణనష్టం అయిదుగురు. హెచ్చరించి పంపివేసినా తిరిగివచ్చిన ఒక ఫకీరు, అతని కుటుంబం. నూట ముప్పై ఏళ్ళ క్రిందట, ఒక తంతి తీగతో సాధించిన పని ఇది! అక్కడ ఫలకమేదీ మా కంట పడలేదు. టీ కొట్టు యజమానికి 1970 జూలై వరద తెలుసు గాని, ఈ కథ తెలియదు.

హేలంగ్ వద్ద హిమాలయాల ప్రధాన మధ్య భ్రంశరేఖ దారిని దాటుతుంది. అక్కడి నుంచి ఎక్కితే జోషీమఠ్. ఈ పట్టణం శిల మీద కాక, ప్రాచీన కాలంలో జారిపడిన కొండ శిథిలాల మీద నిలిచి ఉన్నది. ఈ సంగతి 1976లోనే మిశ్రా కమిటీ ప్రభుత్వానికి వ్రాసి ఇచ్చింది. బరువైన కట్టడాలు వద్దు, వాలులో బండరాళ్ళను తవ్వి గాని పేల్చి గాని తీయవద్దు, మురుగు నీరు భూమిలోకి ఇంకనీయవద్దు, చెట్లు నాటండి అన్నది. నలభై ఏడేళ్ళు గడిచాయి. 2023 జనవరిలో 800కు పైగా కట్టడాలు బీటలు వారాయి. ఒకదాని మీదికి ఒకటి ఒరిగిన రెండు హోటళ్ళను కూల్చవలసి వచ్చింది. మేము వెళ్ళేనాటికి కొన్ని గోడల మీద ఎర్రరంగు గుర్తులు ఇంకా ఉన్నాయి. మా డ్రైవరు ఒక మేడను చూపించి, అది తన అక్క ఇల్లని చెప్పాడు. తాళం వేసి ఉన్నది. వాకిట్లో తులసి మొక్కకు మాత్రం ఎవరో నీళ్ళు పోస్తున్నారు.

శీతకాలంలో బదరీనాథుని ఆలయం మూసినప్పుడు ఆదిశంకరుల గద్దెను ఇక్కడి నరసింహాలయానికి తెస్తారు. ఈ నరసింహస్వామి చేయి ఏటేటా సన్నబడుతున్నదని స్థానికుల విశ్వాసం. అది విరిగిననాడు నర నారాయణ పర్వతాలు కూలి ఒకటై బదరీ దారి మూసుకుపోతుందట; ఆపై పూజలు ధౌలీగంగ లోయలోని భవిష్య బదరీలో జరుగుతాయట. అర్చకులు చెప్పినదంతా విని అక్కయ్య బయటికి వచ్చాక, "ఏరా తమ్ముడూ! కమిటీ కాగితం చదవకపోతే పోయె, స్వామి చెయ్యి చూసైనా మీవాళ్ళకు భయం వెయ్యలేదా?" అన్నది. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఎన్నో సమీక్షా సమావేశాల్లో కూర్చున్నాము. ఇంత సూటి ప్రశ్న ఎక్కడా ఎదురుకాలేదు.

జోషీమఠ్ కింద విష్ణుప్రయాగ. అక్కడ కలిసే ధౌలీగంగ గుండానే 2021 ఫిబ్రవరి 7న రాళ్ళు, మంచు, బురద ప్రవాహమై వచ్చి 200 మందికి పైగా బలిగొన్నది. ఆ పగలు వారిలో చాలామంది జలవిద్యుత్ పథకాల వద్ద డ్యూటీలో ఉన్న కార్మికులు. మనలాంటివారే.

లాంబగడ్ వద్ద రాళ్ళు పడి మూడు గంటలు ఆగాము. అటూ ఇటూ బారులు తీరిన బండ్లు, జేసీబీల మోత. వెనుక బస్సులోని గుజరాతీ యాత్రికులు ఖాక్రాలు పంచారు. మేము జంతికలు ఇచ్చాము. సాయంత్రానికి, 3,100 మీటర్ల ఎత్తున, రంగురంగుల సింహద్వారం ముందు నిలిచాము. తప్తకుండంలో స్నానం, కేరళ నంబూద్రి అయిన రావల్ ఆధ్వర్యంలో జరిగే పూజ, తెల్లవారి నీలకంఠ శిఖరం మీద తొలి వెలుగు. వీటిని గురించి ఎందరో వ్రాశారు కనుక విస్తరించము.

మర్నాడు మూడు కిలోమీటర్ల దూరంలోని మాణా చూశాము. 2023 వరకూ "చివరి గ్రామం" అనిపించుకున్న ఈ ఊరి ముందు ఇప్పుడు "తొలి భారతీయ గ్రామం" అన్న బోర్డు ఉన్నది. ఊరి చివర సరస్వతీ నది మీద అడ్డంగా పడిన పెద్ద బండ ఒకటి వంతెనలా నిలిచింది. ద్రౌపది దాటడానికి భీముడు వేశాడని చెబుతారు. పేరు భీమ్ పుల్. కింద నది హోరున మాట వినబడదు. దారి పొడుగునా కిటికీ తెర వేసుకుని కళ్ళు మూసుకున్న అక్కయ్య, దాని మీద మాత్రం చేయి పట్టుకోకుండా నడిచి అవతలికి వెళ్ళింది. భయం వేయలేదా అని అడిగితే, "ఇది పడాల్సింది ఎప్పుడో పడిపోయిందిరా, ఇంక ఎక్కడికి పోతుంది?" అన్నది. భూసాంకేతిక శాస్త్రంలో నిలకడ కోణం గురించి మాకు ఒక పూర్తి అధ్యాయం ఉండేది.

కేదార మార్గం, 2013 వరద తర్వాత అక్కడ చేసిన పునర్నిర్మాణం సంగతులు వచ్చే సంచికలో.