పడవను అప్పగించి వద్దామా?

భద్రాచలం దగ్గర గోదావరిని చూచిన పిల్లలకు పడవ కొత్త కాదు. మోటార్లు రాకముందు ఈ నదిమీద తెరచాప పడవలు సరుకులతో రాజమహేంద్రవరం దాకా పోయేవి. గాలి పడిపోతే కళాసీలు గెడలు వేసేవారు, లేదా ఒడ్డున నడుస్తూ తాళ్లతో లాగేవారు. పొద్దుగూకితే పడవను ఒడ్డున కట్టి, అన్నం వండుకునేవారు.

సముద్రంమీద ఈ వీలు లేదు. అక్కడ గెడ అడుగుకు అందదు. కట్టేందుకు ఒడ్డు ఉండదు.

ఒక రేవులో తయారైన తెరచాప పడవను దూరదేశంలోని యజమానికి అప్పగించటానికి, చాలాసార్లు దానిని నడుపుకుంటూనే పోతారు. ఒక కెప్టెనూ, ఇద్దరు ముగ్గురు సహాయకులూ ఉంటారు. మీరు పెద్దయి అటువంటి జట్టులో చేరితే ఎట్లా ఉంటుంది?

మొదటి రెండు మూడు రోజులు చాలామందికి కడుపులో తిప్పుతుంది. దూరాన నీరూ ఆకాశమూ కలిసేచోటు చూస్తూ ఉంటే కొంత నయం. తరవాత వంతులు అలవాటవుతాయి. మూడు నాలుగు గంటలు కాపలా, ఆపైన నిద్ర. అర్ధరాత్రి వంతు వచ్చినా లేవవలసిందే! గాలి దిక్కూ, ఓడల దీపాలూ కనిపెడుతూ చుక్కాని చూసుకోవాలి. మీరు కునుకు తీస్తే, మిమ్మల్ని నమ్మి లోపల నిద్రపోయే వారికి కూడా ప్రమాదమే. చీకట్లో పైకి వచ్చేటప్పుడు ఒంటికి గట్టి పట్టీలు తొడుక్కుని, వాటి తాడును పడవకు తగిలించుకోవాలి. రాత్రి అలల్లో పడిన మనిషిని వెతకటం చాలా కష్టం.

తెరచాప పడవ గాలికి నేరుగా ఎదురు పోలేదు. ఒకసారి కుడికీ, ఒకసారి ఎడమకూ ఏటవాలుగా తిరుగుతూ ముందుకు పోతుంది. అందుచేత దారి పెరుగుతుంది; చేరే రోజు ముందుగా చెప్పలేం. తిండీ మంచినీళ్లూ ఎక్కువగానే పెట్టుకోవాలి.

మన నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళలు 2017 సెప్టెంబరు 10న ‘తారిణి’ అనే తెరచాప పడవలో గోవానుంచి బయలుదేరి భూమిని చుట్టి వచ్చారు. వారిలో విశాఖపట్నం స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య మన తెలుగువారే. తిరిగి వస్తూండగా చుక్కాని యంత్రం చెడి, అనుకోకుండా మారిషస్‌లో ఆగవలసి వచ్చింది. 2018 మే 21న గోవా చేరారు. మొత్తం 254 రోజులు!

ఈ పనికి కావలసినవి ఇప్పుడే నేర్చుకోవచ్చు: పెద్దల ఎదుట ఈత, గట్టి ముడి వేయటం, వంతు వచ్చినప్పుడు లేపించుకోకుండా లేవటం. గోదావరిలో పడవ ఎక్కినా లైఫ్ జాకెట్టు తొడుక్కోనిదే కూర్చోకండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగి ఎందరో చనిపోయారు. ఒడ్డు కనబడుతున్నంత మాత్రాన నీరు లోతు తగ్గదు.