రాక్ సంగీతం: ఖాతాకెక్కని రుణం

పాశ్చాత్య రాక్ సంగీత ప్రముఖులపై వెలువడే జీవితచరిత్రలు, వ్యాసాలు, చలనచిత్రాలు చాలావరకు ఒకే బాటలో నడుస్తాయి. పేదరికంలో పుట్టిన ఒక బాలుడు గిటారు చేపడతాడు, లోకాన్ని జయిస్తాడు, మద్యానికో మాదకద్రవ్యానికో బలై అకాల మరణం పొందుతాడు, ఆ తరువాత అమరుడవుతాడు. 1970 సెప్టెంబరులో జిమీ హెండ్రిక్స్, అక్టోబరులో జానిస్ జాప్లిన్, 1971 జులైలో జిమ్ మారిసన్ మరణించారు. ముగ్గురి వయస్సూ 27 సంవత్సరాలే. ఆ అంకె చుట్టూ అల్లుకొన్న కథలకు నేటికీ అంతు లేదు.

అయితే కళాకారుని వారసత్వానికి అతని మరణం కొలమానం కాజాలదు. అతడు పాడిన పాట ఎక్కడి నుంచి వచ్చింది? ఆ పాట తెచ్చిన కీర్తి ఎవరికి దక్కింది, ధనం ఎవరికి చేరింది? చరిత్ర అడగవలసిన ప్రశ్నలివి. దంతకథ ఎంత దట్టంగా అల్లుకొంటే ఈ ప్రశ్నలు అంతగా మరుగున పడతాయి. రాక్ సంగీతం విషయంలో ఈ మరుగు కేవలం యాదృచ్ఛికం కాదు. దానివల్ల లాభపడినవారు ఉన్నారు. నష్టపోయినవారు అంతకంటె ఎక్కువమంది ఉన్నారు.

కూడలి కథ

అమెరికాలోని మిసిసిపి రాష్ట్రపు పత్తి చేల నడుమ, నల్లజాతి శ్రమజీవుల గొంతుల్లో రూపుదిద్దుకొన్న సంగీతం బ్లూస్. రాక్ సంగీతానికి ప్రధానమైన మాతృక అదే. ఆ సంప్రదాయంలో రాబర్ట్ జాన్సన్ పేరు అగ్రగణ్యమైనది. 1936 నవంబరులో శాన్ ఆంటోనియోలోను, 1937 జూన్‌లో డల్లాస్‌లోను అతడు మొత్తం 29 పాటలు రికార్డు చేశాడు. 1938 ఆగస్టు 16న గ్రీన్‌వుడ్ పట్టణ సమీపంలో మరణించాడు. అతని వయస్సూ 27 సంవత్సరాలే.

అతడు ఒక అర్ధరాత్రి నాలుగు దారుల కూడలిలో దయ్యానికి ఆత్మను అమ్ముకొని గిటారు విద్య సంపాదించాడని కథ పుట్టింది. ఈ కథ అతనికి కీర్తి తెచ్చిన మాట నిజమే. కానీ అది చేసిన మరొక పని ఉంది. ఏళ్ల తరబడి సాధన చేసి, తోటి గాయకుల నుంచి నేర్చుకొని, ఒక శైలిని నిర్మించిన కళాకారుణ్ణి అది ఒక నీడగా మార్చివేసింది. నీడకు హక్కులుండవు, వారసులుండరు, బాకీ చెల్లించవలసిన చిరునామా ఉండదు.

1961లో జాన్సన్ పాటలు కొన్ని లాంగ్‌ప్లే రికార్డుగా వెలువడ్డాయి. బ్రిటన్‌లోని యువ సంగీతకారులు వాటిని భక్తితో విన్నారు. 1968లో క్రీమ్ బృందం అతని కూడలి పాటను లోకప్రసిద్ధం చేసింది. 1969లో రోలింగ్ స్టోన్స్ బృందం ‘లవ్ ఇన్ వేన్’ అనే అతని మరొక పాటను పాడింది. ఆ రికార్డుపై మొదట రచయితగా కనిపించిన పేరు జాన్సన్‌ది కాదు, ‘వుడీ పేన్’ అనే కల్పిత నామం. 1990లో వెలువడిన జాన్సన్ సమగ్ర సంపుటి పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. అతని కుమారుణ్ణి చట్టబద్ధ వారసునిగా మిసిసిపి న్యాయస్థానం గుర్తించింది 1998లో. ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దానిని ఖాయపరచింది 2000లో. తండ్రి మరణించి అప్పటికి ఆరు దశాబ్దాలు దాటింది. అంతకాలమూ ఆ కుమారుడు కంకర లారీ నడుపుకొని బతికాడు. జాన్సన్ దయ్యానికి ఆత్మను అమ్ముకొన్నాడన్న కథను లక్షలమంది చెప్పుకొన్నారు. అతని పాటను ఎవరు ఎవరికి అమ్ముకొన్నారని అడిగినవారు కొద్దిమందే.

కాగితంపై పేరు

జాన్సన్ ఉదంతం ఏకాకి కాదు. 1955లో చక్ బెర్రీ ‘మేబెలీన్’ పాట వెలువడినప్పుడు రచయితలుగా మరి రెండు పేర్లు చేరాయి. వారిలో ఒకరు రేడియోలో రికార్డులు వినిపించే ప్రముఖ వ్యాఖ్యాత అలన్ ఫ్రీడ్. పాట రచనలో ఆయన పాత్ర లేదు. రేడియోలో దానిని మళ్లీ మళ్లీ వినిపించడమే ఆయన ద్వారా ఒనగూడిన మేలు. 1977లో అమెరికా అంతరిక్ష సంస్థ వోయేజర్ నౌకలతో పంపిన బంగారు రికార్డులో కేసర్‌బాయి కేర్కర్ భైరవితోపాటు చక్ బెర్రీ ‘జానీ బి. గుడ్’ కూడ చోటు చేసుకొంది. మానవజాతి ప్రతినిధిగా నక్షత్రాల వైపు పంపదగినవాడని లోకం గుర్తించిన ఆ కళాకారునికి, ‘మేబెలీన్’పై ఏకైక రచయితగా పేరు తిరిగి దక్కడానికి 1986 దాకా పట్టింది.

1963లో బీచ్ బాయ్స్ బృందానికి పేరు తెచ్చిన ‘సర్ఫిన్ యు.ఎస్.ఎ.’ బాణీ చక్ బెర్రీ 1958 నాటి ‘స్వీట్ లిటిల్ సిక్స్‌టీన్’ బాణీయే. 1969లో లెడ్ జెప్పెలిన్ బృందం పాడిన ‘హోల్ లాటా లవ్’కు మూలం, విల్లీ డిక్సన్ రచించగా 1962లో మడీ వాటర్స్ పాడిన పాట. డిక్సన్ 1985లో దావా వేశాడు. 1987లో రాజీ కుదిరింది. తరువాతి ముద్రణల్లో ఆయన పేరు చేరింది. ఎల్విస్ ప్రెస్లీ 1954లో రికార్డు చేసిన తొలి విజయగీతం ‘దట్స్ ఆల్ రైట్’ను ఆర్థర్ క్రూడప్ 1946లోనే పాడాడు. ప్రెస్లీ క్రూడప్ పేరును బహిరంగంగానే గౌరవంతో తలచుకొన్నాడు. అయినా న్యాయంగా రావలసిన రాయల్టీ అందకుండానే 1974లో క్రూడప్ కన్నుమూశాడు. దోషం ఒక గాయకుని గుణదోషాలకు పరిమితమైనది కాదనడానికి ఇదే నిదర్శనం. మూలకర్తను గాయకుడు మనసారా తలచినా, సొమ్ము మధ్యలోనే ఆగిపోయే వ్యవస్థ అది.

‘హౌండ్ డాగ్’ పాట చరిత్ర ఇంకొక పార్శ్వాన్ని చూపుతుంది. ఆ పాటను బిగ్ మామా థార్న్‌టన్ రచించలేదు. జెర్రీ లైబర్, మైక్ స్టోలర్ అనే ఇద్దరు యువకులు ఆమె కోసం రాశారు. 1953లో అది నల్లజాతి సంగీతపు విక్రయాల పట్టికలో ఏడు వారాలు అగ్రస్థానంలో నిలిచింది. 1956లో ప్రెస్లీ పాడినప్పుడు అది ప్రపంచమంతటా మారుమోగింది. ఆ పాటవల్ల తనకు దక్కింది 500 డాలర్ల చెక్కు ఒక్కటేనని థార్న్‌టన్ చెప్పుకొంది. రాసినవారికి చట్టం కొంత రక్షణ ఇచ్చింది. పాటకు గొంతును, ఊపును, ఉనికిని ఇచ్చిన గాయనికి ఏమీ ఇవ్వలేదు. కాగితాన్ని గుర్తించే చట్టానికి గొంతు వినిపించలేదు.

చెరువు, పట్టా

ఈ విమర్శకు ఒక సమాధానం తరచుగా వినిపిస్తుంది. బ్లూస్ జానపద సంప్రదాయమని, అందులో ఒకరి పల్లవి మరొకరు, ఒకరి బాణీ ఇంకొకరు తీసుకోవడం సహజమని, జాన్సన్, డిక్సన్ కూడ పూర్వుల నుంచి తీసుకొన్నవారేనని, కాబట్టి రాక్ బృందాలను మాత్రమే తప్పు పట్టరాదని ఆ వాదం.

ఇందులో సత్యాంశం లేకపోలేదు. జాన్సన్ పాటల్లో పూర్వగాయకుల ఛాయలు స్పష్టంగానే ఉన్నాయి. కానీ ఊరుమ్మడి చెరువులో అందరూ నీళ్లు తోడుకోవడం ఒకటి. తోడుకొన్నవాడు చెరువుకే తన పేరిట పట్టా రాయించుకోవడం మరొకటి. పత్తి చేలలోని గాయకుడు తోటివాని పల్లవిని తీసుకొన్నప్పుడు తన పల్లవిని తోటివానికి వదిలాడు. రికార్డు కంపెనీ ఆ పల్లవిని తీసుకొన్నప్పుడు దానిపై కాపీరైట్ నమోదు చేసుకొని దారి మూసివేసింది. తీసుకొనేటప్పుడు జానపదం, అమ్ముకొనేటప్పుడు ఆస్తి అనడం సంప్రదాయం కాదు.

ఇదే సంగీత వ్యాపారం ఇతర సందర్భాల్లో ఎంత సూక్ష్మంగా కొలవగలదో 1976 నాటి తీర్పు ఒకటి తెలుపుతుంది. జార్జ్ హారిసన్ 1970లో పాడిన ‘మై స్వీట్ లార్డ్’ బాణీ, 1963 నాటి ‘హీ ఈజ్ సో ఫైన్’ను పోలి ఉందని ఒక ప్రచురణ సంస్థ దావా వేసింది. హారిసన్ ఉద్దేశపూర్వకంగా కాకపోయినా అప్రయత్నంగా అనుకరించాడని న్యాయస్థానం నిర్ణయించింది. హక్కులు ఒక సంస్థ చేతిలో ఉన్నప్పుడు, తెలియక చేసిన అనుకరణ సైతం నేరమైంది. హక్కులు ఒక పేద గాయకుని గొంతులో మాత్రమే ఉన్నప్పుడు, తెలిసి చేసిన అనుకరణ సైతం సంప్రదాయమైంది.

రెండవ సమాధానం కూడ ఉంది. బ్రిటిష్ బృందాలే మరుగునపడిన బ్లూస్ గాయకులను లోకానికి మళ్లీ పరిచయం చేశాయంటారు. ఇదీ నిజమే. రోలింగ్ స్టోన్స్ బృందం తన పేరునే మడీ వాటర్స్ పాట నుంచి తీసుకొంది; 1965లో ఒక అమెరికన్ టెలివిజన్ కార్యక్రమంలో తమతోపాటు హౌలిన్ వుల్ఫ్ పాడాలని పట్టుబట్టింది. ఆ గౌరవం ప్రశంసనీయం. కానీ గౌరవం వేరు, బాకీ వేరు. వేదికపై శాలువా కప్పినంతమాత్రాన పత్రంలోని రుణం రద్దు కాదు.

సేకర్తల బాధ్యత

ప్రభుత్వ సంస్థలు ఈ చరిత్రకు వెలుపలివి కావు. 1941లో అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పక్షాన అలన్ లోమాక్స్ మిసిసిపిలోని ఒక పత్తి తోటకు వెళ్లి, మెకిన్లీ మోర్గన్‌ఫీల్డ్ అనే యువ శ్రామికుని పాటలు రికార్డు చేశాడు. ఆ యువకుడే తరువాత మడీ వాటర్స్‌గా ప్రఖ్యాతుడయ్యాడు. గాయకుని పేరు, ఊరు, తేదీ నమోదు కావడంవల్ల ఆ గొంతు ఎవరిదన్న సందేహం ఎన్నడూ రాలేదు. ప్రభుత్వ సేకరణ చేయగల మేలు ఇది.

అదే కుటుంబం చేతుల మీదుగా మరొకటి కూడ జరిగింది. అలన్ తండ్రి జాన్ లోమాక్స్, కారాగారంలో కనుగొన్న గాయకుడు లెడ్‌బెల్లీ పాటలను సేకరించాడు. వాటిలో ఒకటైన ‘గుడ్‌నైట్ ఐరీన్’ 1950లో వీవర్స్ బృందం పాడగా అమెరికాలో అగ్రస్థానానికి చేరింది. లెడ్‌బెల్లీ అంతకు కొన్ని నెలల ముందే, 1949 డిసెంబరులో మరణించాడు. పాట రచయితలుగా నమోదైనవి రెండు పేర్లు: ఒకటి గాయకునిది, రెండవది సేకర్తది. సేకరణ సేవయే, కానీ సేకరణ రచన కాదు. ఈ రెండింటి మధ్య గీత చెరిగినచోట సంస్కృతీ పరిరక్షణ పేరిట అన్యాయం ప్రవేశిస్తుంది.

రుణం తీర్చిన తీరు

మరొక మార్గం సాధ్యమని చూపినవారు రాక్ ప్రముఖుల్లోనే ఉన్నారు. 1937లో మరణించిన మహాగాయని బెస్సీ స్మిత్ సమాధిపై మూడు దశాబ్దాలకు పైగా శిలాఫలకం లేదు. 1970 ఆగస్టులో జానిస్ జాప్లిన్, మరొక మహిళతో కలిసి ఖర్చు భరించి ఆ ఫలకాన్ని ప్రతిష్ఠింపజేసింది. మరి రెండు నెలలకే తానూ మరణించింది. జాప్లిన్ జీవితగాథల్లో మాదకద్రవ్యాలకు దక్కే పుటల్లో పదోవంతు ఈ ఫలకానికి దక్కినా ఆమె వారసత్వం మరింత సరిగా అర్థమయ్యేది.

జార్జ్ హారిసన్ 1966లో పండిత రవిశంకర్ వద్ద శిష్యరికం చేశాడు. గురువును గురువుగానే లోకానికి పరిచయం చేశాడు. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో వారిరువురూ నిర్వహించిన బంగ్లాదేశ్ సహాయ కచేరీలో తొలి వాద్యం రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్, అల్లారఖాలది. రెండు ప్రదర్శనలకు దాదాపు 40,000 మంది హాజరయ్యారు. సుమారు 2,43,000 డాలర్లు యూనిసెఫ్‌కు అందాయి. అయితే రికార్డు, చలనచిత్రాలవల్ల వచ్చిన చాలా సొమ్ము పన్నుల చిక్కుల్లో ఏళ్ల తరబడి నిలిచిపోయింది. కచేరీకి ముందే తగిన పత్రాలు సిద్ధం చేయకపోవడమే కారణం. సదుద్దేశం కూడ లెక్కాపత్రం లేనిదే ఆకలిగొన్నవారి వద్దకు సకాలంలో చేరదని ఈ ఉదంతం నేర్పుతుంది.

అటువంటి లెక్కాపత్రాన్ని పోరాడి సాధించినవారిలో గాయని రూత్ బ్రౌన్ ముఖ్యురాలు. పాత రికార్డుల రాయల్టీ కోసం ఆమె సాగించిన దీర్ఘపోరాటం ఫలితంగా 1988లో వృద్ధ గాయకుల సహాయార్థం ఒక సంస్థ ఏర్పడింది. మిగిలినవారికి గుర్తింపు ఆలస్యంగానే వచ్చింది. 1940ల్లోనే విద్యుత్ గిటారుతో భక్తిగీతాలను ఉర్రూతలూగించిన సిస్టర్ రొసెట్టా థార్ప్ 1973లో మరణించింది. రాక్ సంగీత గౌరవశాలలో ఆమెకు చోటు దక్కింది 2018లో. థార్న్‌టన్‌కు దక్కింది 2024లో, మరణించిన నలభై ఏళ్లకు.

భారతదేశానికి పాఠం

ఈ రుణ ప్రశ్న గతించిన కాలానిది కాదు. 2020లో బాబ్ డిలన్, 2021లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ తమ పాటల హక్కులను భారీ మొత్తాలకు అంతర్జాతీయ సంస్థలకు విక్రయించారు. తమ పాటలను తాము అమ్ముకొనే హక్కు వారికి ఉంది. కానీ పాటలు ఇలా స్థిరాస్తులవలె చేతులు మారే కాలంలో, మొదటి పత్రంలో పేరు లేనివారికి చివరి పత్రంలో చోటు దొరకదు.

భారతదేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ, పాటల రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీలో వాటాను పరిరక్షించింది. ప్రదర్శకుణ్ణి ప్రదర్శకునిగా పేర్కొనాలన్న హక్కునూ చట్టంలో చేర్చింది. అయినా జానపద గేయ సంకలనాల్లో సేకర్త పేరు అట్టపై ఉంటుంది; పాడిన వృద్ధురాలి పేరు చాలాసార్లు లోపలి పుటల్లో కూడ కనిపించదు. పల్లె బాణీ చలనచిత్రంలోకి వెళ్లేటప్పుడు ‘సంప్రదాయం’ అన్న ఒక్క మాట ఊరిని, కులవృత్తిని, గొంతును కప్పివేస్తుంది. మిసిసిపిలో జరిగినదానికి ఇది భిన్నం కాదు.

దీనికి విరుగుడు కొత్త స్మారకచిహ్నాలు కాదు, ఉన్న దస్తావేజులను సరిగా నింపడం. ప్రభుత్వ నిధులతో జరిగే ప్రతి ధ్వనిముద్రణలోను గాయకుని పేరు, ఊరు, తేదీ, అతడు లేక ఆమె ఆ పాటను ఎవరి వద్ద నేర్చుకొన్నదీ నమోదు కావాలి. ఆ ముద్రణను వ్యాపారానికి వాడదలచినవారు గాయకునికో వారసులకో చెల్లించవలసిన వాటాను ముందుగానే వ్రాతపూర్వకంగా నిర్ణయించాలి. సేకర్త పేరు సేకర్తగానే ఉండాలి. ఇవి ఏ సంస్థకూ మోయరాని భారాలు కావు. రాబర్ట్ జాన్సన్ పాటల విషయంలో 1937లోనే ఇంతమాత్రం జరిగి ఉంటే, అతని కుమారుడు తండ్రి పేరు కోసం న్యాయస్థానాల మెట్లు ఎక్కవలసిన అవసరం ఉండేది కాదు.