పేటెంట్ పెద్దదా, ప్రాణం పెద్దదా? చేతిలో అధికారం ఉన్నా సర్కారు ఎందుకు వాడలేదు?

2021లో రంజాన్ నెల కరోనా రెండో వేవ్ మధ్యలోనే గడిచిపోయింది. రెమ్‌డెసివిర్, టోసిలిజుమాబ్ ఇంజెక్షన్ల కోసం కుటుంబాలు మందుల షాపుల చుట్టూ తిరిగాయి. బ్లాక్‌లో ఎంత అడిగితే అంత ఇచ్చిన వాళ్లూ ఉన్నారు. పేటెంట్ ఉన్న మందును వేరే కంపెనీలతో తయారు చేయించే అధికారం అప్పుడు ప్రభుత్వానికి లేదా అంటే, ఉంది. కానీ వాడలేదు.

చట్టం ఏం చెబుతోంది?

1970 పేటెంట్ల చట్టంలో ఇందుకు మూడు దారులు ఉన్నాయి. సెక్షన్ 84 మామూలు రోజుల కోసం. పేటెంట్ ఇచ్చి మూడేళ్లు దాటినా మందు జనానికి అందుబాటు ధరలో దొరకకపోతే, మరో కంపెనీ 'కంపల్సరీ లైసెన్స్' అడగొచ్చు. సెక్షన్ 92 అత్యవసర పరిస్థితి కోసం. కేంద్రం నోటిఫికేషన్ ఇస్తే మూడేళ్లు ఆగాల్సిన పని లేదు. అంటువ్యాధుల్లాంటి ఆరోగ్య సంక్షోభంలో పేటెంట్ కంపెనీ అభ్యంతరాలు వినే సుదీర్ఘ ప్రక్రియను కూడా పక్కన పెట్టొచ్చు. సెక్షన్ 100 కింద ప్రభుత్వ అవసరాలకు కేంద్రమే నేరుగా వాడుకోవచ్చు. రాష్ట్ర ప్రభుత్వాల అవసరాలూ ఇందులోకి వస్తాయి, కానీ అనుమతి మాత్రం కేంద్రమే ఇవ్వాలి.

ఇది పేటెంట్‌ను గుంజుకోవడం కాదు. కంపెనీకి రాయల్టీ ఇవ్వాల్సిందే. 2001 నాటి దోహా ప్రకటన కూడా ప్రతి దేశానికి ఈ హక్కు ఉందని ఒప్పుకుంది.

హైదరాబాద్ కంపెనీ చూపిన దారి

2012 మార్చిలో హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మాకు దేశంలోనే మొదటి కంపల్సరీ లైసెన్స్ దొరికింది. బేయర్ కంపెనీ లివర్, కిడ్నీ క్యాన్సర్ మందు నెక్సావర్ అప్పట్లో నెలకు రూ.2.80 లక్షలు. నాట్కో దాన్ని రూ.8,900 లోపే ఇవ్వాలని ఆదేశం వచ్చింది. 6 శాతంగా పెట్టిన రాయల్టీని తర్వాత 7 శాతం చేశారు. బేయర్ సుప్రీంకోర్టు దాకా వెళ్లినా ఫలితం దక్కలేదు.

కానీ ఆ తర్వాత ఆ తలుపు మళ్లీ తెరుచుకోలేదు. షుగర్ మందు సాక్సాగ్లిప్టిన్ కోసం హైదరాబాద్‌కే చెందిన లీ ఫార్మా పెట్టుకున్న దరఖాస్తును 2016లో తిరస్కరించారు.

కరోనాలో ఏం జరిగింది?

2021 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఈ సెక్షన్లనే గుర్తు చేసి కేంద్రాన్ని వివరణ అడిగింది. అసలు ఇబ్బంది ముడి సరుకుల కొరత అనీ, ఈ దశలో ఆ అధికారాలు వాడితే బెడిసికొడుతుందనీ కేంద్రం జవాబిచ్చింది. ఇందులో కొంత నిజం ఉంది. రెమ్‌డెసివిర్‌కు గిలియడ్ కంపెనీ 2020లోనే హెటెరో సహా పలు కంపెనీలకు స్వచ్ఛందంగా లైసెన్సులు ఇచ్చింది. అయినా కొరత తప్పలేదు. అంటే లైసెన్స్ ఒక్కటే చాలదు, సరుకు, కర్మాగారం, ముందుచూపు కూడా కావాలి.

అయితే బారిసిటినిబ్ మాత్రల సంగతి వేరు. 2021 మేలో నాట్కో కంపల్సరీ లైసెన్స్ కోసం దరఖాస్తు పెట్టింది. రోజుల్లోనే ఎలి లిల్లీ కంపెనీ భారత కంపెనీలకు స్వచ్ఛంద లైసెన్సులు ఇవ్వడం మొదలెట్టింది. నాట్కోకు కూడా రాయల్టీ లేకుండానే ఇచ్చింది. చట్టాన్ని వాడకముందే, వాడతారేమో అన్న ఒత్తిడి పని చేసిందని అర్థమవుతుంది. చట్టం ఎప్పటికీ వాడరని కంపెనీలకు నమ్మకం కుదిరిన రోజు ఆ ఒత్తిడి కూడా ఉండదు.

ఇప్పుడు అసలు భయం ఎక్కడ?

విచిత్రం ఏమిటంటే, 2020 అక్టోబర్‌లో పేటెంట్లపై తాత్కాలిక మినహాయింపు కావాలని ప్రపంచ వాణిజ్య సంస్థను అడిగిన రెండు దేశాల్లో భారత్ ఒకటి. రెండోది దక్షిణాఫ్రికా. 2022 జూన్‌లో దొరికింది వ్యాక్సిన్లకు మాత్రమే పరిమితమైన చిన్న సడలింపు. బయట గట్టిగా అడిగిన దేశం, ఇంట్లో ఉన్న అధికారాన్ని తాకలేదు.

2025 జూలైలో సంతకమైన భారత్–బ్రిటన్ వాణిజ్య ఒప్పందంలో, మందుల అందుబాటుకు స్వచ్ఛంద పద్ధతులే మేలైన దారి అని రాసుకున్నారు. కంపల్సరీ లైసెన్స్ హక్కు పోలేదు. కానీ రేపు దాన్ని వాడబోతే, 'మీరే ఇలా ఒప్పుకున్నారుగా' అని అవతలివాళ్లు అడిగే వీలు వచ్చింది.

కొత్త మందు కనిపెట్టడానికి ఖర్చవుతుంది, ఆ ఖర్చు తిరిగి రావాలన్న వాదనను కొట్టిపారేయలేం. రాయల్టీ ఉన్నది అందుకే. కానీ ఇంట్లో ఒకరికి జబ్బు చేస్తే నగలు తాకట్టు పెట్టే కుటుంబాలకు ఆ వాదన ఒక్కటే సరిపోదు. ఎంత కొరత వస్తే, ధర ఎంత దాటితే సెక్షన్ 92 నోటిఫికేషన్ ఇస్తారో, ఎన్ని రోజుల్లో నిర్ణయం తీసుకుంటారో కేంద్రం ఇప్పుడే రాసి పెట్టాలి. ఓట్లు అడగడానికి వచ్చే ఎంపీలను ఈ ప్రశ్న అడగాల్సింది జనమే. మహమ్మారి వచ్చాక ఫైళ్లు కదిలేసరికి చాలా ఇళ్లలో ఆలస్యమైపోతుంది.