ఒక్క తూటా తుపాకులు

మసకబారిన ఇత్తడి చెంబును చింతపండుతో తోమి మెరిపించడం మన ఇండ్లలో మంచి అలవాటు. పాత తుపాకులు సేకరించేవారి లోకంలో మాత్రం ఆ పనే పెద్ద అపరాధం. అమెరికాలో పందొమ్మిదవ శతాబ్దపు 'సింగిల్ షాట్' రైఫిళ్లను సేకరించేవారు అన్నిటికన్న ముందు నేర్చుకోవలసిన పాఠం ఇదే: వస్తువు మీద కాలం వేసిన ముద్రను చెరపరాదు. ఈ పాఠం అందరికీ ఒంటబట్టేలోగా ఎన్నో మంచి తుపాకులు, వాటిని ప్రేమించినవారి చేతులలోనే, రూపు కోల్పోయాయి.

సింగిల్ షాట్ రైఫిలు అంటే ఒకసారికి ఒకే తూటా పట్టే తుపాకి. పేల్చిన ప్రతిసారీ వెనుకభాగం తెరచి, ఖాళీ తొడుగు తీసివేసి, కొత్త తూటా పెట్టాలి. క్రిస్టియన్ షార్ప్స్ 1848లో పేటెంటు పొందిన పద్ధతిలో, కింది మీటను ముందుకు తోస్తే గొట్టం వెనుక ఉన్న ఇనుప దిమ్మ కిందికి దిగుతుంది. మీటను వెనుకకు లాగితే అది పైకి లేచి దారి మూస్తుంది. రెమింగ్టన్ కంపెనీ 'రోలింగ్ బ్లాక్' రైఫిలులో దిమ్మ దిగదు. బొటనవ్రేలితో లాగితే వెనుకకు దొర్లుతుంది. కదిలే భాగాలు తక్కువ కావడం వల్ల ఈ తుపాకులు దృఢంగా ఉండేవి. పొడవైన, బరువైన తూటాలను నిశ్చింతగా పేల్చగలిగేవి. ఆ తూటాల పేర్లలోనే లెక్క ఉన్నది: '45–70' అంటే గుండు వ్యాసం అంగుళంలో నూటికి 45 పాళ్లు, తొడుగులో నింపే నల్లని తుపాకిమందు 70 గ్రెయినులు.

ఒక్క గుండుతో తేలిన పోటీ

ఈ తుపాకుల సత్తా లోకానికి వెల్లడి అయిన రోజు 1874 సెప్టెంబరు 26. న్యూయార్కు సమీపాన లాంగ్ ఐలాండులో, క్రీడ్‌మూర్ మైదానంలో ఐర్లండు, అమెరికా జట్లు తలపడ్డాయి. జట్టుకు ఆరుగురు, దూరాలు 800, 900, 1,000 గజాలు. ఐర్లండువారివి గొట్టం మూతి నుంచి మందు కూరే రిగ్బీ రైఫిళ్లు. దూరపు గురికి అటువంటి తుపాకులే మేలైనవని అప్పటి నిపుణుల నమ్మకం. అమెరికన్లలో ముగ్గురు షార్ప్స్ రైఫిళ్లు, ముగ్గురు రెమింగ్టన్ రైఫిళ్లు పట్టారు. అవి వెనుక నుంచి తూటా పెట్టేవి.

పోటీ చివరి క్షణం దాకా తేలలేదు. ఐర్లండు జట్టులో ఒకరు పొరపాటున పక్క లక్ష్యాన్ని కొట్టడంతో ఆ గుండు లెక్కలోకి రాలేదు. ఆఖరి గుండు పేల్చవలసినవాడు అమెరికన్ జట్టులోని కల్నల్ జాన్ బోడీన్. అంతకు కొద్దిసేపటి క్రితమే ఒక పానీయం సీసా పగిలి ఆయన చేయి తెగింది. అప్పటికి ఐర్లండు స్కోరు 931, అమెరికా స్కోరు 930. గాయపడిన చేతితోనే బోడీన్ వెయ్యి గజాల దూరం నుంచి లక్ష్యం నడిమధ్యన కొట్టాడు. నాలుగు పాయింట్లు చేరి 934 అయింది. ఆనాటి నుంచి దూరపు పోటీలకు తయారైన రైఫిళ్లకు 'క్రీడ్‌మూర్' అన్న పేరే స్థిరపడింది.

1879లో యూటా రాష్ట్రానికి నేడు చెందిన ఆగ్డెన్ పట్టణంలో జాన్ బ్రౌనింగ్ అనే యువకుడు ఇంకా సరళమైన సింగిల్ షాట్ రైఫిలుకు పేటెంటు పొందాడు. సోదరులతో కలసి చిన్న కార్ఖానాలో సుమారు 600 తుపాకులు తయారుచేశాడు. వాటిలో ఒకటి వించెస్టర్ కంపెనీ వారి కంటబడింది. ఆ కంపెనీ అధికారి టి.జి. బెన్నెట్ 1883లో స్వయంగా ఆగ్డెన్ వెళ్లి 8,000 డాలర్లకు హక్కులు కొన్నాడు. 1885లో వించెస్టర్ పేరుతో వెలువడిన ఆ రైఫిలు సుమారు 1,40,000 దాకా తయారయింది.

ప్రేమతో జరిగిన నష్టం

పొగలేని మందు, వరుసగా పేలే రిపీటర్ రైఫిళ్లు వచ్చాక సింగిల్ షాట్‌కు గిరాకీ తగ్గింది. షార్ప్స్ కంపెనీ అంతకుముందే, 1881 నాటికే మూతబడింది. జర్మనీ నుంచి వలస వచ్చినవారు 200 గజాల దూరంలో నిలబడి గురిపెట్టే 'షూట్‌జెన్' క్రీడను వారాంతపు పండుగలా జరుపుకునేవారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్ అన్న మాటే అమెరికాలో గిట్టనిదై, ఆ క్రీడ కూడా సన్నగిల్లింది.

మిగిలిన తుపాకులు చవకగా దొరికేవి. 1930 తరువాత కొత్త వేట తూటాలు మార్కెటులోకి రాగా, నేర్పరులైన పనివారు వించెస్టర్, షార్ప్స్ రైఫిళ్లను కొని, పాత గొట్టం ఊడదీసి కొత్తది బిగించారు. పాత కర్ర స్థానంలో కొత్త కర్ర అమర్చారు. ఇనుమును సానపట్టి నీలిరంగు ఎక్కించారు. వారి దృష్టిలో అది పునరుద్ధరణే. ఆ తుపాకి ఎవరి కోసం, ఏ తూటాకు, ఏ రూపంలో తయారయిందో తెలిపే ఆధారాలు మాత్రం పాత ఇనుము గుట్టలోకి పోయాయి. 1947లో జేమ్స్ గ్రాంట్ ఈ రైఫిళ్ల గురించి పుస్తకం వెలువరించాడు. మరుసటి ఏడాది అమెరికన్ సింగిల్ షాట్ రైఫిల్ అసోసియేషన్ ఏర్పడింది. క్రమంగా ఈ తుపాకులను విడిభాగాల గనిగా కాక, చారిత్రక వస్తువులుగా చూసే దృష్టి పెరిగింది.

పరీక్షించే కన్ను

అనుభవజ్ఞుడైన సేకర్త తుపాకి మెరుపు చూసి మురిసిపోడు. ఎనిమిది పలకల గొట్టం అంచులు పదునుగా ఉన్నాయా, అరిగి గుండ్రబడ్డాయా అని చూస్తాడు. అక్షరాలు పలచబడినా, మరల చుట్టూ ఇనుము గుంటపడినా సానరాయి పని జరిగిందని గ్రహిస్తాడు. ఎముకల బొగ్గులో కాల్చి నీటిలో ముంచినప్పుడు ఇనుము మీద నీలం, గోధుమ, బూడిద వన్నెలు మేఘాల్లా ఏర్పడతాయి. ఎండకూ, చేతి రాపిడికీ అవి నెమ్మదిగా వెలిసిపోతాయి. వెలిసిన వన్నె నిజాయితీ గలది. నిన్న వేసిన వన్నె ఎంత అందంగా ఉన్నా కొత్తదే. షార్ప్స్ కార్ఖానా 1876లో బ్రిడ్జిపోర్టుకు తరలిన తరువాతనే గొట్టాల మీద 'ఓల్డ్ రిలయబుల్' ముద్ర పడింది. కనుక ముద్రకూ, నంబరుకూ పొంతన కుదరాలి. వించెస్టర్ రైఫిళ్లలో చాలావాటి లెక్కల పుస్తకాలు వయోమింగ్ రాష్ట్రంలోని కోడీ పట్టణపు మ్యూజియంలో ఉన్నాయి. నంబరు పంపితే ఆ తుపాకి ఏ తూటాకు, ఎటువంటి గొట్టంతో, ఏ తేదీన కార్ఖానా విడిచిందో రాతపూర్వకంగా తెలుపుతారు.

ఉపకరణాల విలువ ఇంకొక విషయం. హ్యారీ పోప్ అనే సుప్రసిద్ధ గొట్టాల నిపుణుడి పద్ధతిలో, మందు నింపిన తొడుగును వెనుక నుంచి, సీసపు గుండును మూతి నుంచి పెట్టేవారు. గుండు వంకరపోకుండా మూతికి తగిలించే చిన్న ముక్కను అదే గొట్టం నుంచి కోసి చేసేవారు. గొట్టంలోని గాడులకు అది మాత్రమే అచ్చంగా సరిపోతుంది. వారసులు తెలియక తుపాకి ఒకరికీ, పెట్టె మరొకరికీ అమ్మితే ఆ జత మళ్లీ కలవడం దుర్లభం.

అమెరికా ఫెడరల్ చట్టం 1898లో గానీ, అంతకుముందు గానీ తయారైనవాటిని పురాతన ఆయుధాలుగా పరిగణిస్తుంది. ఒకే నమూనా వించెస్టర్ రైఫిళ్లలో ముందరిది పురాతనం, తరువాతిది ఆధునికం కావచ్చు. వయసు గౌరవానికే తప్ప భద్రతకు హామీ కాదు. నల్లమందు కాలపు మెత్తని ఇనుములో నేటి బలమైన తూటా పేలిస్తే తుపాకి పగలవచ్చు; పేల్చినవాని ప్రాణానికే ముప్పు.

ఈ సేకరణలో మరువరాని చీకటి పుట కూడా ఉన్నది. 1870 దశకంలో అమెరికా మైదానాలలో బైసన్ మందలను నేలకూల్చిన వేటగాళ్లకు షార్ప్స్ రైఫిలు ముఖ్యమైన పనిముట్టు. కోట్ల సంఖ్యలో తిరిగిన ఆ జంతువులు 1889 నాటి లెక్కకు వెయ్యికి కొద్దిగా పైగా మిగిలాయి. వాటిపై ఆధారపడిన ఆదివాసి జాతుల జీవనం కూలిపోయింది. పోటీలో గెలిచిన తుపాకి, మందను చంపిన తుపాకి ఒకే కార్ఖానాలో పుట్టాయి. ఏది ఏ పని చేసిందో చెప్పగలిగేవి దాని మీది గీతలు, అరుగుదల, దానితో వచ్చిన కాగితాలే.

అందుకే ఈ రంగంలోని పెద్దలు కొత్తవారికి చెప్పే సలహా చాలా చిన్నది. సన్నని నూనె గుడ్డతో తుడవండి, సానరాయి ముట్టవద్దు. పెట్టెను, ఉపకరణాలను తుపాకితోనే ఉంచండి. ఎక్కడ, ఎవరి ఇంట, ఏ సంవత్సరంలో దొరికిందో ఒక చీటీ మీద రాసి దానితో భద్రపరచండి. తరువాత వచ్చే మనిషికి ఆ చీటీ తుపాకి అంత అవసరం.