రొమ్ము క్యాన్సర్: విశ్రాంతికీ ఒక హద్దు ఉండాలి

రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స చేయించుకున్న స్త్రీ ఇంటికి రాగానే మన కుటుంబాలలో వినిపించే మొదటి మాట "నువ్వు కదలకు, మేమున్నాం కదా" అని. బిందె ఎత్తనివ్వరు, బట్టలు ఆరవేయనివ్వరు. తొలి రోజులలో ఈ జాగ్రత్త అవసరమే. అది నెలల తరబడి సాగితే మాత్రం మేలు కన్నా కీడే ఎక్కువని నా అభిప్రాయం. ఆడించని భుజం బిగుసుకుపోతుంది. కండరాలు క్షీణిస్తాయి. చికిత్స వల్ల కలిగే నీరసం మరింత కుంగదీస్తుంది.

ఈ భయానికి కారణం లేకపోలేదు. చంకలోని లింఫ్ గ్రంథులను తొలగించినా, అక్కడ రేడియేషన్ ఇచ్చినా, లింఫ్ ద్రవం సరిగా ప్రవహించక కొందరికి చేయి వాస్తుంది. దీనిని లింఫెడిమా అంటారు. అందుచేత ఆ చేతితో శ్రమ చేయరాదని వైద్యులే చాలాకాలం చెబుతూ వచ్చారు. 1996లో కెనడాలోని వాంకూవర్ నగరంలో డాన్ మెకెంజీ అనే క్రీడావైద్యుడు ఈ నమ్మకాన్ని పరీక్షించారు. రొమ్ము క్యాన్సర్ చికిత్స పొందిన 24 మంది స్త్రీలకు శిక్షణనిచ్చి, డ్రాగన్ పడవలలో తెడ్లు వేయించారు. ఒక్కరికీ కొత్తగా చేయి వాపు రాలేదు. అది చిన్న ప్రయత్నమే. అయితే 2009లో, అప్పటికే చేయి వాపు ఉన్న 141 మంది స్త్రీలపై అమెరికాలో జరిపిన అధ్యయనం వెలువడింది. శిక్షకుల పర్యవేక్షణతో మొదలుపెట్టి, వారానికి రెండుసార్లు, కొద్దికొద్దిగా పెంచుతూ బరువులెత్తిన వారిలో వాపు అధికం కాలేదు. పైగా బలం పెరిగింది, వాపు ఉద్ధృతమయ్యే సందర్భాలు తగ్గాయి.

వ్యాధి రాకముందు కూడా వ్యాయామానికి పాత్ర ఉంది. ముట్లుడిగిన తరువాత స్త్రీ దేహంలో ఈస్ట్రోజన్ ప్రధానంగా కొవ్వు కణజాలంలోనే తయారవుతుంది. అది అధికమైతే ముప్పు పెరుగుతుంది. క్రమం తప్పని వ్యాయామం కొవ్వునూ, ఇన్సులిన్‌నూ అదుపులో ఉంచి ఆ ముప్పును కొంత తగ్గిస్తుంది. వారానికి కనీసం 150 నిమిషాలు మధ్యస్థ శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. "ఇంటి చాకిరీ అంతా వ్యాయామం కాదా?" అని పాఠకులు అడగవచ్చు. ఊపిరి వేగం పెరిగేంత పని అయితే లెక్కలోకి వస్తుంది. పొయ్యి దగ్గర గంటలకొద్దీ నిలబడటం రాదు.

ఇక్కడ రెండు హెచ్చరికలు. వ్యాయామం కవచం కాదు. రోజూ నడిచేవారికీ ఈ వ్యాధి రావచ్చు. కాబట్టి "నడవలేదు గనుక వచ్చింది" అని రోగిని నిందించడం అన్యాయం. అలాగే, నడకగానీ యోగాగానీ శస్త్రచికిత్సకూ, కీమోథెరపీకీ ప్రత్యామ్నాయం కాదు. రొమ్ములో గడ్డ తగిలితే వెంటనే వైద్యునికి చూపించుకోవాలి.

చికిత్సలో ఉన్నవారు వైద్యుని సలహాతోనే వ్యాయామం ప్రారంభించాలి. జ్వరం, తీవ్ర రక్తహీనత, గుండె జబ్బు, ఎముకలకు పాకిన వ్యాధి ఉన్నవారి విషయంలో ప్రత్యేక జాగ్రత్తలు అవసరం. చేయి బరువెక్కినా, వాచినా ఆలస్యం చేయక చూపించుకోవాలి.

కుటుంబ సభ్యులకు నా మనవి ఒక్కటే. ఆసుపత్రి నుండి ఇంటికి పంపే రోజున మందుల చీటీతో పాటు, చేతికి ఏ వ్యాయామం, ఎప్పటి నుండి, ఎంతసేపు చేయించాలో అడిగి రాయించుకోండి. ఇంటిపనిలో మీరు ఎంత పాలుపంచుకున్నా మంచిదే. అలా మిగిలిన సమయంలో ఆమెను మంచానికి పరిమితం చేయక, సాయంత్రం వెంటబెట్టుకుని నడవండి.