విద్యార్థికి నంబరు – నంబరుకు హద్దు

మనిషికి పేరు ఒక్కటే. విద్యార్థికి మాత్రం నంబర్లు ఎన్నో! పదవ తరగతికి ఒక హాల్ టికెట్ నంబరు, ఇంటర్‌కు మరొకటి, డిగ్రీలో చేరడానికి 'దోస్త్' నంబరు, చేరాక రోల్ నంబరు, అన్నింటి వెనకాల ఆధార్ నంబరు. ఇవి చాలవన్నట్లు, బడిలో అడుగుపెట్టిన పసివాడి నుండి పరిశోధన చేసే పెద్దవాళ్ళ వరకు అందరికీ 'అపార్' అనే పన్నెండంకెల శాశ్వత సంఖ్య ఇవ్వాలని కేంద్ర విద్యాశాఖ తలపెట్టింది. అందుకు తల్లిదండ్రుల సమ్మతి తీసికోవాలని 2023 అక్టోబరులో రాష్ట్రాలకు తెలియజేసింది. 'ఒకే దేశం, ఒకే విద్యార్థి సంఖ్య' అన్నది దీని నినాదం.

మిత్రులారా! నంబరే వద్దని వాదించడానికి నేను కలం పట్టలేదు. రైతు బిడ్డను, నంబరు విలువ నాకు తెలుసు. సర్వే నంబరు లేకుంటే చేను ఎవరిదో చెప్పడం కష్టం. పాసుపుస్తకంలో ఒక్క అంకె తప్పు పడితే ఎన్ని చెప్పులు అరుగుతాయో మా ఇంటిల్లిపాదికీ తెలుసు. బడి సంగతీ అంతే. తల్లిదండ్రులతో ఇటుక బట్టీలకు వలసపోయే పిల్లవాడు నడుమ సంవత్సరంలో మరో ఊరి బడి ముందు నిలబడితే, వాడు ఎంతవరకు చదివాడో చెప్పేదెవరు? టీ.సీ. పోయిందంటే చదువే పోయినట్లు. వాడికో స్థిరమైన నంబరుంటే కొత్త ఊరి సారు పాత ఊరి చదువును చూడగలడు. యూడైస్ ప్లస్‌లో ప్రతి విద్యార్థికీ ఇచ్చే పదకొండంకెల 'పెన్' సంఖ్య ఇలాంటి అవసరాలకే. బడి మానేసిన పిల్లల్ని వెదకడానికీ అది పనికొస్తుంది. కాబట్టి నంబరు ఉండవలసిందే. ఐతే ఆ నంబరు ఎవరి చేతిలో ఉండాలి, ఎంతవరకు తెరుచుకోవాలి అన్నదే ప్రశ్న.

మా చిన్నాయన తన కాలం సంగతి చెప్తుంటాడు. అప్పట్లో పరీక్షా ఫలితాలు దినపత్రికలో వచ్చేవి. పేజీల నిండా హాల్ టికెట్ నంబర్లే తప్ప ఒక్క పేరూ ఉండేది కాదు. నంబరు తెలిసినవాడికే ఫలితం తెలిసేది. పాసైనవాడు పత్రిక పట్టుకొని ఇంటికి పరుగెత్తేవాడు. తప్పినవాడు చెరువుగట్టు మీద కాసేపు కూర్చొని, మనసు చిక్కబట్టుకొని, పొద్దుగూకినాక ఇంటికెళ్ళి తన సంగతి తనే చెప్పుకొనేవాడు. ఆ నంబరు పేరుకు అడ్డంగా కట్టిన తెర.

ఇప్పుడు నా సంగతి చెప్తాను. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్‌లో ఉండి ఇంటర్ చదివాను. మొదటి సంవత్సరం ఫలితాల్లో ఫిజిక్స్ తప్పాను. ఫోన్‌లో చెప్పడానికి నోరు రాలేదు. నాయిన ఎదురుగా కూర్చొని చెప్పాలని ఎల్.బి. నగర్ చౌరస్తాకు పోయి నల్లగొండ బస్సెక్కాను. దారి పొడుగునా ఎట్లా మొదలుపెట్టాలా అని మాటలు కూర్చుకొంటూనే ఉన్నాను. ఇంటికి చేరేసరికి నాయిన వాకిట్లో మంచం మీద కూర్చొని ఉన్నాడు. "పట్నం నుంచి ఎవరో ఫోన్ చేసిండ్రు బిడ్డా! నీకు ఫిజిక్స్ల ఇన్ని మార్కులే వచ్చినయట, వాళ్ళ కాడ కోచింగుల చేర్పియ్యమన్నరు," అన్నాడు. కొంచెం ఆగి, "తప్పితే తప్పినవు గని, పరాయోడు చెప్తే వినుడు మంచిగనిపియ్యలే," అన్నాడు.

తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

వాళ్ళకెట్లా తెలిసింది? పెద్ద మాయేమీ లేదు. మనం ఎక్కడ ఏ ఫారం నింపినా పేరు, తండ్రి పేరు, ఫోన్ నంబరు, హాల్ టికెట్ నంబరు ఒకే వరుసలో వ్రాస్తాం. ఆ వరుస ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోయిందో నాకు ఈనాటికీ తెలియదు. హాల్ టికెట్ నంబరు కొడితే చాలు, కంప్యూటరు పేరూ మార్కులూ చూపిస్తుంది. పైగా అవి వరుస నంబర్లు. నా నంబరుకు ఒకటి కలిపితే నా వెనక బెంచీవాడి జాతకం! చిన్నాయన కాలంలో తెరగా ఉన్న నంబరే మన కాలానికి తాళంచెవి ఐపోయింది. ఒక్క పరీక్షకు పనికొచ్చే నంబరుతోనే ఇంత జరిగితే, జన్మంతా వెంట వచ్చే నంబరు సంగతి ఆలోచించండి.

ఎల్.బి. నగర్ నుండి దిల్‌సుఖ్‌నగర్ వరకు మెట్రో పట్టాల కింద ఒక్కసారి నడిచి చూడండి. కోచింగ్ బోర్డులు, హాస్టళ్ళు, జిరాక్సు షాపులు. రూపాయి రెండు రూపాయలకు ఆధార్ జిరాక్సు. సరిగా పడని కాపీ బుట్టలోకి, బుట్టలోంచి బజారులోకి. హాస్టల్ వాళ్ళడిగినా, సిమ్ కార్డు వాళ్ళడిగినా జేబులోంచి కాగితం తీసి ఇవ్వడమే మనకు తెలిసిన విద్య. ఆధార్‌లో చివరి నాలుగంకెలు మాత్రమే కనిపించే ప్రతిని తీసికోవచ్చునని మనలో ఎందరికి తెలుసు?

ఇది మన ఒక్కరి బాధే కాదు. బ్రిటన్‌లో విద్యార్థులకు పదంకెల సంఖ్య ఉంది. దానితో ముడిపడిన రికార్డుల్లోకి వెళ్ళే అనుమతి ఒక కంపెనీ చేతిలో ఉండిపోయి, చివరకు జూదం కంపెనీలు తమ ఖాతాదారుల వయస్సు సరిచూసుకోవడానికి ఆ రికార్డులు ఉపయోగపడ్డాయని 2020లో బయటపడింది. సుమారు 2 కోట్ల 80 లక్షల మంది వివరాలున్న భాండాగారమది! 2022లో అక్కడి సమాచార కమిషనర్ విద్యాశాఖనే మందలించాడు. అమెరికా విశ్వవిద్యాలయాలు చాలా ఏళ్ళు సోషల్ సెక్యూరిటీ నంబరునే విద్యార్థి నంబరుగా వాడి, ఆ నంబర్లతో దొంగలు ఖాతాలు తెరవడం చూశాక, వేరే నంబర్లకు మారవలసి వచ్చింది. ఎదుటివాడి దెబ్బ చూసి మనం నేర్చుకొంటే మంచిది.

మన దేశంలో చట్టం లేకపోలేదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి కారాదని 2018 సెప్టెంబరు 26 తీర్పు చెప్పింది. పద్దెనిమిదేళ్ళు నిండనివారి వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం చెప్పింది. ఐతే 2025 నవంబరులో వచ్చిన దాని నియమావళి విద్యాసంస్థలకు కొన్ని సడలింపులిచ్చింది. అంటే, బరువంతా బడి మనస్సాక్షి మీదే పడింది.

'అపార్' స్వచ్ఛందమనే కాగితం చెప్తుంది. కాగితం వేరు, ఊరు వేరు. మా చెల్లెలి బడి నుండి సమ్మతి పత్రం వచ్చింది. నాయిన సంతకం చేశాడు. ఏం వ్రాసి ఉందని అడిగితే, "ఇంగిలీషుల ఉండె. పెట్టకపోతే పిల్లనేమన్న అంటరేమోనని పెట్టిన," అన్నాడు. భయంతో పెట్టిన సంతకం సమ్మతి ఎట్లా ఔతుంది? పైగా ఆధార్‌లో పేరూ బడి రికార్డులో పేరూ కలవాలి. మనకేమో ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, మరొకచోట ఒట్టి పొడి అక్షరం. ఆ తేడా సరిచేయించడానికి కూలి పోగొట్టుకొని తిరిగేది తల్లిదండ్రులే.

కనుక నా అభిప్రాయం ఇది. విద్యార్థి నంబరు చదువుకు మాత్రమే పనికిరావాలి. హాస్టల్‌కు, కోచింగ్‌కు, బ్యాంకుకు దానితో పని ఉండరాదు. అది వరుస నంబరు కాకూడదు, దాన్ని చూసి జిల్లా, బడి, పుట్టిన సంవత్సరం ఊహించగలిగేలా ఉండకూడదు. నంబరొక్కటే కొడితే మార్కులు తెరుచుకోరాదు, విద్యార్థికి మాత్రమే తెలిసిన మరో గుర్తు కూడా అడగాలి. కులం, పేదరికం, వైకల్యం వంటి వివరాలు స్కాలర్‌షిప్ చూసే గుమాస్తాకు కావచ్చు గాని, మార్కులు వేసే మాస్టారికి అక్కర్లేదు. ఎవరు ఎప్పుడు మన రికార్డు తెరిచారో వ్రాసిపెట్టే చిట్టా ఉండాలి, అడిగితే మనకు చూపించాలి. సమ్మతి పత్రం తెలుగులో, ఉర్దూలో, ఆ ఇంటివారు చదువుకొనే భాషలో ఉండాలి. 'ఇవ్వను' అన్నవారి బిడ్డ కూడా అదే బెంచీ మీద కూర్చోవాలి. పద్దెనిమిదేళ్ళు నిండిన నాడు ఆ బిడ్డనే మళ్ళీ అడగాలి.

ఇవన్నీ ప్రభుత్వం చేయవలసినవని చేతులు దులుపుకొందామా? మన నోటీసు బోర్డు మీద పేరు పక్కనే ఫోన్ నంబరు, కులం అంటించి ఉండడం మనం చూడలేదా? ఫ్రెషర్స్ డే నాడు మన సంఘమే వ్రాయించుకొన్న పేర్లు, ఫోన్ నంబర్ల కాగితాలు ఇప్పుడెక్కడున్నాయో ఎవరైనా చెప్పగలరా? క్లాసు వాట్సాప్ గ్రూపులో అందరి మార్కుల పట్టిక పెట్టినప్పుడు ఎవరమైనా వద్దన్నామా? ముందు మన ఇల్లు చక్కబెట్టుకొందాం. ఈ ఏడు సంఘం ఏ ఫారం అచ్చువేసినా అవసరం లేని గడి ఒక్కటీ ఉండకూడదనీ, పని తీరిన కాగితాలు చించివేయాలనీ తీర్మానం చేద్దాం. అధ్యాపకులు మనకు తోడుగా నిలబడితే కాలేజీ ఆఫీసును కూడా అడుగుదాం.

సప్లిమెంటరీలో ఆ ఫిజిక్స్ పాసయ్యాను. ఆ వార్త మాత్రం నాయినకు నేనే చెప్పాను. తప్పిన వార్త కూడా నేనే చెప్పుకొనే హక్కు నాకుండాలి. నేను అడిగేది అంతే.

– బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి