డీఏపీ కట్టలోని భాస్వరం ఎటు పోతుంది?

వానాకాలం మొదలైందంటే పత్తి, మిర్చి వేసే మన ఇళ్లల్లో ఒకటే లెక్క: డీఏపీ కట్టలు ఎన్ని కావాలి, అప్పు ఎవరిస్తారు? ఆ కట్ట మట్టిలో పడ్డాక ఏమైతదో మాత్రం దుకాణంలో ఎవరూ చెప్పరు.

50 కిలోల డీఏపీలో, సంచి మీది లెక్క ప్రకారం, నత్రజని 9 కిలోలు, భాస్వరం 23 కిలోలు. నత్రజని నీళ్లతో జారిపోతది. భాస్వరాన్ని మాత్రం మట్టే గట్టిగా పట్టుకుంటది. వేసిన దాంట్లో మొదటి పంటకు అందేది చాలాసార్లు నాలుగో వంతు లోపే. మిగతాది చాలావరకు చేలోనే ఉంటది, కానీ వేరుకు దొరకదు.

ఎందుకు? మన ఎర్ర చెలకల ఎరుపు ఇనుముది. ఆ ఇనుము, అల్యూమినియం భాస్వరాన్ని అతికించుకుంటాయి. నేల పులుపెక్కితే పట్టు ఇంకా బిగుస్తది. సున్నం ఉన్న నల్లరేగడిలో అదే పని కాల్షియం చేస్తది. పీహెచ్ 6 నుంచి 7.5 మధ్య ఉంటే పైరుకు బాగా అందుతది. బంకమట్టి పట్టు ఎక్కువ, ఇసుక నేల పట్టు తక్కువ.

ఈ పట్టును వదులు చేసేవి ఆకు, పెంట. అవి కుళ్లేటప్పుడు వచ్చే ఆమ్లాలు ఇనుము మీది జాగాను ఆక్రమించుకుంటాయి, భాస్వరం పైరుకు మిగులుతది. అడవిలో ఎవరూ డీఏపీ చల్లరు. రాలిన ఆకులోని భాస్వరమే మళ్లీ చెట్టుకు చేరుతది. పోడు బూడిద మొదట్లో బలమిచ్చేది కూడా అందులో భాస్వరం ఉండి, నేల పులుపును తగ్గిస్తది కాబట్టే. కానీ వాలు చేనులో పైమట్టి కొట్టుకుపోతే, దాన్ని అంటుకున్న భాస్వరమూ వాగుపాలే.

2023 జూన్‌లో మనలో చాలామందికి పోడు పట్టాలొచ్చాయి. పట్టా కోసం కొట్లాడినం. ఆ భూమి ఎరువుల అప్పులో చిక్కకుండా చూసుకోవడం కూడా అదే కొట్లాటలో భాగం.

సాయిల్ హెల్త్ కార్డు పథకం 2015 నుంచి ఉంది. అశ్వారావుపేటలో వ్యవసాయ కాలేజీ ఉంది. ప్రతి పోడు చేనుకూ మట్టి పరీక్ష చేయాలని గ్రామసభలో తీర్మానం పెడదాం. కార్డులో భాస్వరం ఎక్కువని వస్తే డీఏపీ తగ్గిద్దాం, తక్కువని వస్తే మానొద్దు. వెదజల్లకుండా విత్తనం పక్కన సాలులో వేద్దాం. భాస్వరం కరిగించే బ్యాక్టీరియాను పశువుల ఎరువులో కలిపి వాడదాం. జీలుగ, జనుము దున్నేద్దాం, వాలుకు అడ్డంగా గట్లు వేద్దాం.

కార్డు మీది అంకెలను అమ్మానాయనలకు కోయ భాషలో చదివి చెప్పాల్సింది కాలేజీ చదివిన మనమే. ఈ పని దుక్కులకు ముందే అయిపోవాలి.